పాత తాళం అమ్మకం: ఇనుము మనది, గుట్టు ఎవరిది?

ఒక వస్తువును డబ్బిచ్చి కొన్నంత మాత్రాన అందులో ఉన్నదంతా మనదైపోతుందా? ఫిఖహ్ గ్రంథాల్లో క్రయవిక్రయాల అధ్యాయం చదివే విద్యార్థికి మొదట్లో ఈ ప్రశ్న వింతగా తోస్తుంది. "నేను కొన్నాను, నా చేతికొచ్చింది, ఇక నా ఇష్టం" అనుకోవడం మనిషి నైజం. కాని కొన్ని వస్తువుల ఖరీదు ఒకరు చెల్లిస్తారు, వాటి గుట్టు మీద మాత్రం మరెందరి భద్రతో ఆధారపడి ఉంటుంది. తాళం అలాంటి వస్తువు. ముఖ్యంగా, ఒక తలుపు నుంచి ఊడదీసి అమ్మకానికి పెట్టిన పాత తాళం.

ఐరోపాలోనూ అమెరికాలోనూ తాళంచెవి లేకుండా తాళం తెరవడాన్ని ఒక సరదా విద్యగా అభ్యసించేవారు చాలామంది ఉన్నారు. ఈ మాట వినగానే మనకు దొంగతనమే గుర్తొస్తుంది. వారు దొంగలు కారు. జర్మనీలో 1997లోనే ఇలాంటివారి సంఘం ఒకటి ఏర్పడింది. నెదర్లాండ్స్‌లో పుట్టిన 'టూల్' అనే సంఘానికి అమెరికాలోనూ శాఖలున్నాయి. మనవాళ్లు చదరంగం ఆడినట్లు వారు సాయంత్రాలు బల్ల చుట్టూ కూర్చుని తాళాలతో కుస్తీ పడతారు, పోటీలు పెట్టుకుంటారు. వారి నియమాలు ముఖ్యంగా రెండు. తనది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టుకోరాదు. వాడకంలో ఉన్న తాళం మీద, అది తనదే అయినా, ప్రయోగాలు చేయరాదు. జపాన్ వంటి చోట తగిన కారణం లేకుండా ఈ పనిముట్లు దగ్గర ఉంచుకోవడాన్నే 2003 చట్టం నేరంగా పరిగణించింది. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో మాత్రం దురుద్దేశం లేనంతవరకు అభ్యంతరం లేదు.

వీరికి మామూలు తాళాలు కొన్నాళ్లకే విసుగు పుట్టిస్తాయి. ఆ తర్వాత కళ్లు హైసెక్యూరిటీ తాళాల మీద పడతాయి. ఫిన్లాండ్‌కు చెందిన అబ్లోయ్ తాళంలో స్ప్రింగులే ఉండవు, బిళ్లలు తిరుగుతాయి. ఎమిల్ హెన్రిక్‌సన్ అనే పనివాడు 1907లో ఆ పద్ధతి కనిపెట్టాడు. 1968లో అమెరికాలో మొదలైన మెడెకో కంపెనీ తాళంలో పిన్నులు సరైన ఎత్తుకు లేస్తే చాలదు, సరైన కోణంలోకి కూడా తిరగాలి. కొత్తవి కొనాలంటే ఒక్కొక్కటి తరచుగా వంద డాలర్లు దాటుతుంది. అందుకే పాతవాటికి గిరాకీ. కూల్చేసిన భవనాల నుంచి, తాళాలు మార్చే పనివారి డబ్బాల నుంచి, చేతులు మారుతూ ఇవి వారి దగ్గరికి చేరతాయి. ఈ కొనుగోళ్లు, అమ్మకాల విషయంలో ధర్మం ఏమిటన్నదే మన ప్రశ్న.

ముందుగా తేలిక విషయం. పాత వస్తువులో ఉన్న లోపాన్ని (ఐబ్) కొనేవాడికి చెప్పాలి. బజారులో ధాన్యపు రాశిలోకి మహాప్రవక్త (స) చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన సంఘటన మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. లోపలి తడిని పైన పెట్టి జనానికి కనిపించేలా ఎందుకు ఉంచలేదని ఆయన ఆ వర్తకుణ్ణి నిలదీశారు. తాళానికి ఇంతకన్నా తగిన ఉదాహరణ దొరకదు, ఎందుకంటే తాళం ఐబంతా లోపలే ఉంటుంది. కష్టమైన పిన్నులు తీసేసి తేలికైనవి వేసి ఉండవచ్చు. ఒక పిన్ను అసలే లేకపోవచ్చు. అలాంటి తాళాన్ని తెరిచి తాను గొప్ప విద్య సాధించానని సంబరపడే కుర్రవాడు నిజానికి మోసపోయాడు. పోయింది డబ్బు మాత్రమే కాదు. "ఏ లోపం ఉన్నా నాకు సంబంధం లేదు" అనే షరతుతో జరిగిన అమ్మకాన్ని హనఫీ ధర్మవేత్తలు చెల్లుబాటు చేశారు, నిజమే. కాని తెలిసిన లోపాన్ని కావాలని దాచిన పాపాన్ని ఆ షరతు కడిగేయదు. అమ్మకం చెల్లడం వేరు, అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవడం వేరు.

రెండో విషయం కొనేవాడి ఉద్దేశం. తాళాలు తెరవడం నేర్చుకునేవాడికి తాళం అమ్మితే, రేపు అతడు దొంగయితే ఆ పాపంలో నాకు వాటా ఉంటుందా? ఈ ప్రశ్నను మన పెద్దలు ద్రాక్షరసం విషయంలో ఎప్పుడో చర్చించారు. సారా కాచేవాడికి ద్రాక్షరసం అమ్మడంలో దోషం లేదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయపడగా, ఆయన శిష్యులు ఇద్దరూ - అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మలై) - అది మక్రూహ్ అన్నారు. కల్లోల దినాల్లో అల్లరిమూకకు ఆయుధాలు అమ్మడం మాత్రం మక్రూహ్‌గానే నిర్ణయమైంది. ఈ తేడాకు హిదాయా గ్రంథకర్త చూపిన కారణం గమనించదగ్గది: రసం మారిన తర్వాతే పాపానికి పనికొస్తుంది, కత్తి ఉన్నది ఉన్నట్లుగానే పనికొస్తుంది. కొనేవాడు అల్లరిమూకలో చేరినవాడని తెలియనప్పుడు కత్తి అమ్మినా దోషం లేదన్నారు.

ఈ లెక్కన, బల్ల మీద సాధన చేసుకునేవాడికి తాళం అమ్మడం గురించి మనసు గింజుకోవలసిన పనిలేదు. తాళం కత్తి కాదు, కాపలాదారు. పైగా ఎదుటివాడు దొంగ అయి ఉంటాడని ఊహించుకోవడం దురనుమానం.

చిక్కంతా మూడో విషయంలో ఉంది. దీన్ని తాళాల వ్యాపారం చేసేవారు కూడా చాలామంది పట్టించుకోరు.

పెద్ద భవనాల్లో - కాలేజీ, ఆసుపత్రి, అపార్ట్‌మెంటు - ఒక్కో గదికి ఒక్కో తాళంచెవి ఉంటుంది. వాటన్నిటినీ తెరిచే మాస్టర్ తాళంచెవి ఒకటి మేనేజర్ దగ్గర ఉంటుంది. ఇది ఎలా సాధ్యం? మామూలు తాళంలో ప్రతి పిన్ను రెండు ముక్కలుగా ఉంటుంది. తాళంచెవి ఆ ముక్కల మధ్య గీతను సరైన ఎత్తుకు లేపుతుంది. మాస్టర్ పద్ధతిలో మధ్యన ఇంకో సన్నని ముక్క వేస్తారు. అప్పుడు రెండు ఎత్తుల దగ్గర తాళం తెరుచుకుంటుంది. ఒకటి గదిలో ఉండేవాడిది, రెండోది మాస్టర్‌ది. అంటే భవనం మొత్తాన్ని తెరిచే రహస్యం ఏ ఇనుప పెట్టెలోనో కాదు, ప్రతి గది తలుపులోనూ కూర్చుని ఉంది! 2003లో మ్యాట్ బ్లేజ్ అనే అమెరికా పరిశోధకుడు దీన్ని బహిరంగంగా రాశాడు. ఒక్క గది తాళం, దాని తాళంచెవి చేతిలో ఉంటే మొత్తం భవనపు మాస్టర్ తాళంచెవిని రాబట్టవచ్చని నిరూపించాడు. ఇది మాకు ఎన్నాళ్లనుంచో తెలుసు, బయటపెట్టి తప్పుచేశాడని తాళాల పనివారు అతనిపై మండిపడ్డారు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక భవనంలో ఒక గది తాళం మార్చారు. పాత సిలిండర్‌ను పనివాడు డబ్బాలో వేసుకున్నాడు, తర్వాత అమ్మేశాడు. ఆ ఇత్తడి ముక్క అతనిదే అనుకుందాం. మిగతా గదుల్లో మాత్రం పాత తాళాలే ఉన్నాయి. అక్కడ రాత్రి తలుపు వేసుకుని నిశ్చింతగా నిద్రపోయే కుటుంబాల గుట్టు ఆ ముక్కలో ఉంది. వారికి ఈ అమ్మకం సంగతే తెలియదు. అలాంటప్పుడు అతడు అమ్మినది ఇత్తడి మాత్రమేనా?

ఇక్కడ ఒక వాదన వస్తుంది, దానికి బలం ఉంది. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ ఆల్ఫ్రెడ్ హాబ్స్, ఎవరూ తెరవలేరని ఇంగ్లండ్ నమ్ముకున్న చబ్ తాళాన్ని అరగంట లోపే తెరిచాడు. తర్వాత బ్రామా తాళం మీద 16 రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు పనిచేసి, దశాబ్దాలుగా ఎవరికీ దక్కని 200 గినీల బహుమతి గెలుచుకున్నాడు. తాళాల లోపాలు బయటపెడితే దొంగలకు దారి చూపినట్లు కాదా అని జనం గగ్గోలు పెట్టారు. దొంగలకు అవి ముందే తెలుసు, తెలియనిది కొనుక్కునే అమాయకుడికే అన్నది అతని పక్షం వాదన. నేటి అభిరుచిపరులూ అదే అంటారు. ఈ తాళాలు విప్పి చూస్తేనే కదా ఏది గట్టిదో, ఏది డొల్లదో లోకానికి తెలిసేది?

హాబ్స్ చెప్పింది సరైనదే. అయితే అది తాళాల రకం గురించిన మాట. మన ముందున్నది ఒకానొక తాళం. 1206 నాటి తన గ్రంథంలో అల్ జజరీ, అక్షరాలు చెక్కిన నాలుగు చక్రాలతో మూసుకునే పెట్టె నిర్మాణాన్ని బొమ్మలతో సహా వివరించాడు. ఆ పుస్తకం చదివినవాడికి పెట్టె ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది, పొరుగింటి పెట్టెకు ఏ అక్షరాలు పెట్టారో తెలియదు. 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే భాషావేత్త సైనికుల రహస్య లిపి గురించి ఇదే సూత్రం చెప్పాడు: పద్ధతి శత్రువు చేతిలో పడినా నష్టం ఉండకూడదు, తాళంచెవి ఒక్కటి దాగితే చాలు. కాబట్టి మెడెకో తాళం ఎలా పనిచేస్తుందన్న జ్ఞానం అందరిదీ. ఫలానా భవనం తాళంలో పిన్నులు ఏ ఎత్తున ఉన్నాయన్నది ఆ భవనంలో ఉన్నవారిది. మొదటిదాన్ని దాచడం నాకు లోభిత్వంగా కనిపిస్తుంది. రెండోదాన్ని అమ్మడం ఖియానత్.

తాళంచెవి అమానత్ అన్న సంగతి మనకు కొత్త కాదు. హిజ్రీ 8వ సంవత్సరంలో (630) మక్కా విజయం నాడు కాబా తాళంచెవిని ఉస్మాన్ బిన్ తల్హా (రజి) నుంచి తీసుకున్న మహాప్రవక్త (స), దాన్ని కోరినవారు తన సొంత బంధువర్గంలోనే ఉన్నా, తిరిగి ఆయనకే అప్పగించారు. అమానత్‌లను వాటి హక్కుదారులకు చేర్చమనే సూరా నిసాలోని ఆయతు ఈ సందర్భంలోనే అవతరించిందని చాలామంది ముఫస్సిర్లు రాశారు. నేటికీ అది ఆ వంశం వారి దగ్గరే ఉంది. విజేత చేతిలో ఉన్న తాళంచెవికే ఆ నియమం వర్తించినప్పుడు, పనివాడి డబ్బాలో పడిన సిలిండర్‌కు వర్తించదా?

పైగా నేడు గుట్టు జారిపోవడానికి తాళం చేతులు మారనక్కర్లేదు, ఫోటో చాలు. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియెగో పరిశోధకులు దాదాపు 195 అడుగుల దూరం నుంచి, మేడ మీద నుంచి తీసిన ఫోటోతో తాళంచెవి కోతలను చదవగలిగారు. అమెరికా విమానాశ్రయాల్లో సూట్‌కేసులు తెరిచే మాస్టర్ తాళంచెవుల ఫోటో 2014లో ఒక పత్రిక కథనంతో వెలువడింది. 2015లో దాని ఆధారంగా నకళ్లు తయారయ్యాయి. అమ్మకానికి పెట్టిన తాళం పక్కన తాళంచెవిని అందంగా పేర్చి ఫోటో తీసేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఆ తాళం కొన్నది ఒక్కరే అయినా ఫోటో చూసినవారు వందలు. ఇక 2012లో న్యూయార్క్‌లో జరిగింది మరీ విడ్డూరం. నగరంలోని లిఫ్టులు మొదలైనవి తెరిచే ఐదు తాళంచెవుల గుత్తిని ఒక వ్యక్తి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టగా, ఒక పత్రిక విలేఖరి 150 డాలర్లకు కొనేశాడు. 

అలాగని పాత తాళాల అమ్మకమే వద్దనడం అతివాదం అవుతుంది. అమ్మేముందు సిలిండర్ విప్పి, పిన్నులు తీసేసి, వేరే వరసలో వేస్తే పాత గుట్టు పోతుంది. తాళాల పనివాడికి ఇది పెద్ద పని కాదు. మీద చెక్కిన భవనం పేరో, గుర్తు సంఖ్యో ఉంటే అరగదీయాలి. భవనం మొత్తం కూలిపోయిందనీ, అన్ని తలుపుల తాళాలూ ఒకేసారి మార్చేశారనీ నిజంగా తెలిస్తే ఉన్నదున్నట్లు అమ్ముకోవచ్చు, కాపాడవలసిన హక్కుదారు ఎవరూ మిగల్లేదు. అద్దె ఇంట్లో ఉండేవారి సంగతి వేరు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఉద్యోగానికి వెళ్లి అమెరికా అపార్ట్‌మెంటులో ఉంటున్న మన పిల్లలకు ఆ తలుపు తాళం అసలు సొంతమే కాదు. దాన్ని విప్పి చూడడం కూడా ఇంటివారి అనుమతితోనే జరగాలి.

దీనికి అభిరుచిపరుల అభ్యంతరం ఒకటుంది. కంపెనీలో వేసిన పిన్నులు అలాగే ఉన్న తాళానికే విలువ ఎక్కువ, మార్చినదాన్ని సగం ధరకు కూడా అడగరని అంటారు. సేకరించేవాడి మమకారం నాకు అర్థమవుతుంది. పాత రాతప్రతి మీద ఎవరో కొత్త సిరా పూస్తే నాకూ మనసు చివుక్కుమంటుంది. కాని ఆ ఎక్కువ ధర దేనికి వస్తోందో చూడాలి. తాళం అరుదైనదైతే ఆ విలువ అమ్మేవాడిదే. ఇంకా మూసి ఉన్న తలుపుల గుట్టు చెక్కుచెదరకుండా ఉన్నందుకు వచ్చేదైతే, ఆ రూపాయలు అతనివి కావు.

ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని తాళం చేతికొస్తే? నాలుగు చేతులు మారింది, అడిగితే ఎవరికీ తెలియదు. ఇలాంటివే ఎక్కువట. ముందుగా అది దొంగసొత్తు అనిపించే ఆనవాళ్లున్నాయేమో చూడాలి. ఉంటే చేయి వెనక్కి తీసుకోవాలి. లేకపోతే, తలుపులు ఇంకా మూసే ఉన్నాయన్న లెక్కనే దాన్ని చూడాలన్నది నా అభిప్రాయం. కొన్నవాడు ఇంటికి తీసుకెళ్లి సాధన చేసుకోవచ్చు, విప్పి నేర్చుకోవచ్చు. లోపలి ఎత్తులు కాగితం మీద రాసి పెట్టుకోవడం, నలుగురికీ చూపడం మానుకోవాలి. మళ్లీ అమ్మే రోజు వచ్చినప్పుడు పిన్నులు మార్చి, ఆ మాట కొనేవాడికి ముందే చెప్పి, వచ్చిన ధరకు ఇవ్వాలి.