దాయభాగము – ధర్మదృష్టి

తండ్రి గతించిన యింట తొలుత దుఃఖము ప్రవేశించును. దాని వెంటనే లెక్కలు ప్రవేశించును. ఒక తల్లి పాలు త్రాగి పెరిగినవారే గట్టు తగవులతో న్యాయస్థానముల మెట్లెక్కుదురు. ఆస్తిని ఎట్లు పంచవలయునో శాస్త్రము చెప్పును. పంచుకొనువాని మనస్సెట్లుండవలయునో తెలుపు కథ యొకటి వేదమునందు కలదు.

ఐతరేయ బ్రాహ్మణమున నాభానేదిష్ఠుడను మనుపుత్రుని వృత్తాంతము వినబడుచున్నది. అతడు గురుకులమున నుండగా సోదరులు అతనికి భాగము లేకుండ ఆస్తిని పంచుకొనిరి. అతడు తండ్రితో మొఱపెట్టుకొనెను. దానికై చింతింపవలదని తండ్రి యూరడించి, యాగమున దారి తోపక తడబడుచున్న అంగిరసుల కడకు పంపెను. నాభానేదిష్ఠుడు తెలిపిన సూక్తములచే వారు స్వర్గము చేరుచు, అతనికి వేయి గోవుల నొసగిరి. ఇంతలో నల్లని వస్త్రము దాల్చిన పురుషుడొకడు వచ్చి, యాగభూమిలో మిగిలినదంతయు తనదనెను. తగవు తీర్చుటకు తండ్రినే అడుగుమనెను. ధనము ఆ పురుషునిదేయని తండ్రి చెప్పగా, నాభానేదిష్ఠుడు మరలివచ్చి ఆ మాటను దాచక పలికెను. ఆ సత్యమునకు మెచ్చి అతడు గోవులనన్నిటిని అతనికే యిచ్చివేసెను.

అన్యులచే వంచింపబడినవాడు తాను అన్యుని వంచింపలేదు. కథలోని సారమిదియే.

దాయవిభాగమును గూర్చి మన పెద్దలు మిక్కిలి శ్రమించి విచారించిరి. కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య రచించెను. పిత్రార్జితమున పుత్రునకు జన్మముచేతనే హక్కు కలుగునని దాని సిద్ధాంతము. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము, తండ్రి యనంతరమే హక్కు కలుగుననెను. 13వ శతాబ్దిలో కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు చేసెను.

కాలముతో శాసనము మారెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, వీలునామా వ్రాయక మరణించినవాని స్వార్జితమున కుమారులకు, కుమార్తెలకు, భార్యకు, తల్లికి సమభాగముల నొసగెను. ఉమ్మడి ఆస్తిలో అవివాహితలగు కుమార్తెలకు ఆంధ్రప్రదేశ్ 1986లోనే జన్మహక్కు కల్పించెను. 2005 నాటి సవరణ వివాహితలకు సైతము దానిని దేశమంతట విస్తరించెను. ఆనాటికి తండ్రి జీవించి యుండనక్కఱలేదని 2020లో సుప్రీంకోర్టు నిర్ణయించెను.

అయినను చట్టము కాగితమునే చూచును, హృదయమును చూడజాలదు. పుట్టింటి రాకపోకలు చెడునేమోయని వెఱచి ఆడపడుచు చేసిన సంతకము త్యాగమనిపించుకొనదు. త్యాగము ఇష్టపూర్వకముగ చేయునది. భయముచే విడిపించుకొన్నది అపహరణమే. సోదరి తన భాగమును నిండు మనస్సుతో విడుచునేని అది ఆమె గొప్పతనము. దానిని కోరుటకు సోదరునకు అధికారము లేదు.

ప్రతి విభాగమునందును ఒకరి సొత్తు మఱియొకరి చేతిలో నుండును. అది దూరదేశమున నున్న తమ్మునిది కావచ్చును, వితంతువగు తల్లిది కావచ్చును, అత్తవారింటనున్న చెల్లెలిది కావచ్చును. వారు అడుగకమునుపే "ఇది నీది" యని చెప్పగలవాడే తండ్రికి నిజమైన వారసుడు. పొలమును గట్లు విభజించును గాని, సత్యము పలికిన యింట బంధుత్వము విభక్తము కాదు.