నాయన అనే మాట

పుంగనూరు పక్కన ఒక చిన్న సంఘంలో నేను ఆదివారం బడి చెప్తాను. మిగతా రోజుల్లో గవర్నమెంటు బడిలో టీచరును. పుట్టింది ఎరుకల ఇంట్లో. ఆదివారం బడి ముగిసేటప్పుడు పిల్లలందరూ ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్తారు. అందులో దేవుణ్ణి తండ్రీ అని పిలవాలి. ఆరో తరగతి చదివే ఒక పాప ఆ మాట దగ్గర నోరు మూసుకునేది. తర్వాతి మాట నుంచి మళ్లీ అందరితో కలిసేది. కొన్ని వారాలు చూసి, ఒకరోజు పిల్లలందరూ వెళ్లాక అడిగాను. "మా నాయన తాగొచ్చి అమ్మను కొడతాడు సార్. దేవుడు కూడా అట్లే ఉంటాడా?" అంది.

"ఉండడమ్మా" అన్నాను. అంతకు మించి ఆ పూట నాకు మాట రాలేదు. తండ్రి ప్రేమ దేవుని ప్రేమకు అద్దమని మనం ప్రసంగాల్లో వింటాం. అద్దం పగిలిన ఇంట్లో బిడ్డకు ఏం కనబడుతుంది?

ఈ ప్రశ్నకు సులువైన జవాబు ఒకటి మన ఇళ్లలో చాలాకాలంగా తిరుగుతోంది. తండ్రి దేవుని స్థానంలో ఉన్నాడు, ఆయన చెయ్యెత్తినా ఎదురు చెప్పకూడదు అని. నాకు తెలిసినంతలో బైబిలు అలా చెప్పదు. మత్తయి సువార్త 7వ అధ్యాయంలో యేసు తండ్రుల గురించి మాట్లాడుతూ, బిడ్డ రొట్టె అడిగితే రాయి ఇచ్చేవాడు ఎవరూ ఉండరంటాడు. అయితే ఆ తండ్రులను మంచివాళ్లని మాత్రం అనడు. చెడ్డవాళ్లయిన మీకే ఇంత తెలిస్తే, దేవునికి ఇంకెంత ప్రేమ ఉంటుందో చూసుకోండి అన్నదే ఆయన మాటల సారం. అంటే తండ్రిని చూసి దేవుణ్ణి కొలవకూడదు. దేవుణ్ణి చూసి తండ్రిని కొలవాలి. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయం పిల్లలను లోబడమని చెప్పి ఊరుకోదు. వెంటనే తండ్రుల వైపు తిరిగి, బిడ్డలకు కోపం పుట్టించవద్దని హెచ్చరిస్తుంది. హోషేయ 11వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలకు చెయ్యి పట్టుకుని నడక నేర్పినవాడిగా, వంగి అన్నం పెట్టినవాడిగా కనిపిస్తాడు. బిడ్డకు అన్నం పెట్టాలంటే పెద్దవాడు వంగాలి కదా.

మన జాతులకు ఈ ప్రశ్న ఇంకో వైపు నుంచి కూడా తగిలింది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో చేసిన కొత్త చట్టం మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వాళ్లను, ఇంకా ఎన్నో జాతులను పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. మగవాళ్లు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. ఆ చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. ప్రభుత్వం తలుచుకుంటే ఈ జాతుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి ప్రత్యేక బడుల్లో పెట్టవచ్చు. స్టూవర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ నడిపింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. అక్కడ మనవాళ్లకు భూమి, పని, చదువు దొరికిన మాట నిజం. దేవుడు తండ్రి అని చెప్పిన నోటితోనే నీ తండ్రి పనికిరానివాడు అని చెప్పడం కూడా అక్కడే జరిగింది. 1952లో ఆ చట్టం పోయింది కానీ ఆ చూపు అంత తొందరగా పోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన మదనపల్లెకు సంబంధించిన ఒక తండ్రి కోర్టుకెక్కాడు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. ఆయన తండ్రి నారాయణయ్య ఇద్దరు కొడుకుల సంరక్షణను 1910లో అనీబిసెంట్‌కు రాసిచ్చాడు. తర్వాత మనసు మారి, బిడ్డలను తిరిగి ఇప్పించమని 1912లో దావా వేశాడు. మద్రాసు హైకోర్టులో గెలిచాడు, 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు. ఆ పిల్లల ఇష్టం ఎవరూ అడగలేదన్నది అక్కడ వచ్చిన ఒక ముఖ్యమైన మాట. ఎవరిది న్యాయమో నేను తేల్చబోవడం లేదు. చదువు, ఉద్యోగం ఉన్న తండ్రి కాబట్టి లండన్ దాకా వాదన నడిచింది. అదే కాలంలో బిడ్డలు దూరమైన మన తాతలకు ఏ కోర్టు మెట్లూ అందలేదు. కానీ ప్రీవీ కౌన్సిల్‌లో వచ్చిన ఆ మాట తండ్రులందరికీ పనికొస్తుంది. బిడ్డ తండ్రి సొత్తు కాదు. ప్రభుత్వం సొత్తూ కాదు, సంఘం సొత్తూ కాదు.

అందుకే లూకా 15వ అధ్యాయంలోని కథ నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది. ఆస్తి పంచుకుని పోయిన కొడుకును ఆ తండ్రి కట్టేసి ఉంచలేదు, వెంటపడి ఈడ్చుకురాలేదు. దారి చూస్తూ ఉన్నాడు. దూరంగా కనబడగానే పెద్దరికం మరిచి పరుగెత్తాడు. తాగి ఇంటిని పాడుచేసే మనిషి తనను ఆ కథలో తండ్రి చోట నిలబెట్టుకుంటాడు. నిజానికి అతని చోటు తప్పిపోయిన కొడుకుది. అతనూ ఇంటికి తిరిగి రావలసిన బిడ్డే. మన సీమలో తండ్రిని నాయనా అంటాం, ముద్దొస్తే కొడుకునూ నాయనా అంటాం. బిడ్డ ముందు తప్పు ఒప్పుకున్న తండ్రిలో ఆ రెండు అర్థాలూ కలుస్తాయి. దేవుని ప్రేమ అద్దంలో కనబడేది అప్పుడే అని నా నమ్మకం.

ఈ మాటను దెబ్బలు ఓర్చుకోమనడానికి ఎవరూ వాడకూడదు. క్షమించడం వేరు, దెబ్బలు తినడం వేరు. ముందు తల్లీ బిడ్డా క్షేమంగా ఉండాలి. పిల్లల కోసం 1098, ఆడవాళ్ల కోసం 181 నంబర్లు ప్రతి టీచరుకూ నోటికి రావాలి. ఆ పాప విషయంలో నేను మొదట ఆమె తల్లితో, తర్వాత వాళ్ల కులపెద్దతో మాట్లాడాను. తల్లి కొన్నాళ్లు బిడ్డతో పుట్టింట్లో ఉంది. ప్రార్థనలో ఆ మాట చెప్పమని నేను పాపను బలవంతపెట్టలేదు.

తండ్రులందరూ అలాంటివాళ్లు కాదు. మదనపల్లె టమాటా మార్కెట్లో రాత్రంతా పెట్టెలు మోసి, తెల్లారి హాస్టలు గేటు దగ్గర బిడ్డ కోసం నిలబడే నాయనలు ఉన్నారు. కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు కట్టడం పనికి పోయి, కూలి డబ్బులో నోటుపుస్తకాలకు తీసిపెట్టేవాళ్లు ఉన్నారు. ప్రేమ అనే మాట వాళ్ల నోట రాకపోవచ్చు. ఆఫీసు గదిలోకి రమ్మంటే మాత్రం, మట్టి కాళ్లని, సంతకం రాదని గుమ్మం బయటే ఆగిపోతారు.

టీచర్లకు నా మనవి. ఆ తండ్రికి కుర్చీ వేయండి. బిడ్డ చూస్తుండగా వేయండి. చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ స్నేహితుల ముందు ఆయన్ను మా నాయన అని చెప్పండి. రేపు తండ్రులయ్యే తమ్ముళ్లకు ఇంకొక మాట. మీ ఇంట్లో బిడ్డ ఆ ప్రార్థన చెప్పేటప్పుడు మొదటి మాట దగ్గర ఆగకుండా ఉండేలా బతకండి.