కళాజాతకు ఒక దండం

ఉదయగిరి దుర్గం దిగి తూర్పుముఖంగా వస్తే వింజమూరు, కలిగిరి, కొండాపురం. పెన్నా నీళ్లు తాగే పచ్చటి నెల్లూరు వేరు, ఆకాశం వైపు చూసే ఈ మెట్ట నెల్లూరు వేరు. పొగాకు పండితే ఆ ఏడు అప్పు తీరుతుంది, లేకపోతే వలస. ఇలాంటి నేలమీద వాన రాకపోయినా సారా మాత్రం వేళకు వచ్చేది. 1980లలో సర్కారే వారుణి వాహిని అని పేరుపెట్టి సారాను ప్యాకెట్లలో పోసి ఊళ్లకు పంపింది. తాగునీళ్ల కోసం ఆడవాళ్లు బిందెలతో మైళ్లు నడిచే పల్లెల్లో సారా గడప దాకా నడిచొచ్చింది.

ఆ గడపల ముందుకే 1991లో ఇంకొకటి నడిచొచ్చింది. అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమం కోసం బయలుదేరిన కళాజాత. ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్లలు. ఒక డప్పు, కాళ్లకు గజ్జెలు, భుజాన తువ్వాలు. వేదిక లేదు, తెర లేదు. పొద్దుగూకి కూలిజనం ఇళ్లు చేరాక ఊరి నడిమధ్యన డప్పు మోగించేవాళ్లు. పిల్లలు ముందు పరిగెత్తుకొచ్చేవాళ్లు, వాళ్లను వెతుక్కుంటూ తల్లులు. ఆ తల్లుల కోసమే కదా డప్పు మోగింది!

చదువుకోండి అని చెప్పడానికి వచ్చిన ఆ పిల్లలు చదువు గురించి ఉపన్యాసం ఇవ్వలేదు, ఒక ఇంటిని ఆడి చూపించారు. కూలిడబ్బు లాక్కుపోయే మొగుడు, పొయ్యి వెలగని పొద్దు, దెబ్బలు తిని మూలన కూర్చున్న ఇల్లాలు. వేషాలు కూడా అక్కర్లేదు. ఒకడు తువ్వాలు నడుముకు చుట్టి తూలితే చాలు, చుట్టూ కూర్చున్న ప్రతి ఆడమనిషికీ ఆ తూలే మనిషి ఎవరో తెలుసు.

ఇంటిగుట్టు లంకకు చేటు అని మన తల్లులకు తరతరాలుగా నేర్పాం. ఒంటిమీద కమిలిన దెబ్బను కొంగుచాటున దాచడం కూడా కాపురధర్మమే అనుకున్నారు వాళ్లు. ఆ పిల్లలు ఆ గుట్టును తీసి నడివీధిలో పెట్టారు. పక్కింటామె కళ్లలోనూ అదే నీరు చూసినప్పుడు, ఇది నా ఒక్కదాని తలరాత కాదు అని తోచడానికి ఎంతసేపు పడుతుంది? గుట్టు బయటపడ్డాక లంకకు చేటు తప్పలేదు. అయితే ఆ లంక వాళ్ల కాపురం కాదు, సారాకొట్టు.

జాత వెళ్లిపోయింది, రాత్రిబడి మిగిలింది. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. నాటకంలో చూసినదే అక్షరాల్లోనూ కనబడింది. కొండాపురానికి పొరుగున ఉన్న కలిగిరి మండలం దూబగుంటలో, తాగొచ్చి బడిని చెడగొట్టేవాళ్ల బాధ పడలేక ఆడవాళ్లు కదిలారు. ఊళ్లోకి సారా రానివ్వలేదు. వాళ్లకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా మారుమోగింది. ఆ ఊరి గెలుపే పాఠంగా మారి మిగతా ఊళ్ల రాత్రిబడులకు చేరింది. చదివిన ఊరల్లా సారాకొట్టు మీదికి నడిచింది. 1992లో నెల్లూరులో సారా వేలంపాట పెట్టబోతే వేల ఆడవాళ్లు అడ్డుపడ్డారు. పాట వాయిదా పడింది, మళ్లీ పడింది, మళ్లీ పడింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇదంతా నాటకం వల్లే జరిగిందని నేను అనను. పోరాడింది ఆడవాళ్లు, తిట్లు తిన్నదీ దెబ్బలు కాచుకున్నదీ వాళ్లే. కానీ ఆ పిల్లల గొప్పతనం నాకు అక్కడే కనబడుతుంది. నాటకానికి ముగింపు వాళ్లు ఆడలేదు, ఊరికి వదిలేశారు. చూసినవాళ్లే లేచి దాన్ని ఆడేసిన నాటకాలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? పెద్ద పెద్ద రంగస్థలాలమీద చప్పట్లు అందుకున్న మహానటులకు దక్కని భాగ్యం అది.

వాళ్లు గాలిలోంచి ఊడిపడలేదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఊరూరా తిరిగి బుర్రకథను, నాటకాన్ని పేదవాడి పక్షాన నిలబెట్టిన నేల ఇది. 1989 జనవరి 1న ఢిల్లీ శివార్లలో, సాహిబాబాద్‌లో, వీధినాటకం ఆడుతున్న సఫ్దర్ హష్మీ మీద దాడి జరిగింది. మరునాడు ఆయన చనిపోయాడు. నాలుగో తేదీన భార్య మొలయశ్రీ అదే చోట నిలబడి ఆగిన నాటకాన్ని పూర్తిచేసింది. దేశమంతా వీధిలోకి వచ్చి ఆడిన కుర్రకారు గుండెల్లో ఆ రోజు ఉంది. ఆ మరుసటి ఏడాదే అక్షరాస్యత కోసం భారత జ్ఞాన విజ్ఞాన జాత దేశాన్ని చుట్టింది. ఆ వరసలో వచ్చినవాళ్లే మన మెట్ట ఊళ్లలో గజ్జె కట్టినవాళ్లు.

సారా పోయి మద్యం వచ్చింది. 1995లో తెచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. అయినా ఆ రాత్రులు వృథా కాలేదు. సారా మీద గెలిచిన ఆడవాళ్లే రోజుకో రూపాయి దాచి పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. ఒకప్పుడు అక్షరం రాని మనిషి బ్యాంకు మెట్లెక్కి, సంతకం పెట్టి, అప్పు అడిగింది.

రోశమ్మ పేరు చరిత్రలో ఉంది, ఉండాలి. తువ్వాలు చుట్టి తూలినవాడి పేరు, డప్పు వేలు పగిలేదాకా కొట్టినవాడి పేరు, పదిమంది మగవాళ్ల ముందు నిలబడి పాడిన పిల్ల పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ వెతికి పట్టుకోలేం. వాళ్లకిప్పుడు యాభై దాటి ఉంటుంది. కొండాపురం, కలిగిరి, వింజమూరు, ఆత్మకూరు కాలేజీల్లో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఊళ్లో ఆ జాతతో తిరిగిన పెద్దాయనో పెద్దమ్మో ఉంటే వెళ్లి కూర్చోండి. పాటలన్నీ పాడించి సెల్‌ఫోనులో రికార్డు చేయండి. పేర్లు రాసుకోండి. తర్వాత ఆ నాటకాన్ని మీ వీధిలో, మీ ఊరి ఇప్పటి గుట్టుతో ఆడండి.