ఓడలో ఇంకో ఓడ – ముందు వరస ఎవరిది?



ఈసారి మనం ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. డబ్బు పెట్టి పెద్ద గది కొనుక్కోవచ్చు. మరి డబ్బు పెట్టి ముందు వరస కొనుక్కోవచ్చా? పెద్ద గదీ, ముందు వరసా రెండూ ఒకటేనా?

ఈ ప్రశ్నను నేల మీద కాకుండా సముద్రం మీద పెట్టి చూద్దాం. ఎందుకంటే ఓడ ఒక చిన్న లోకం. ఎక్కినవాళ్లంతా ఒకే నీళ్ల మీద, ఒకే ఇనుప గోడల మధ్య ఉంటారు. అడ్డుగోడలు ఎక్కడ కట్టారో, ఎందుకు కట్టారో అక్కడ దాచిపెట్టడం కుదరదు.

“మనకెందుకండీ ఈ క్రూయిజ్ ఓడల గోల?” అని మీరు అడగొచ్చు. 2022లో విశాఖపట్నం నుంచి కార్డీలియా అనే విహార నౌక పుదుచ్చేరి, చెన్నైల వైపు తిరిగింది. ఆ తర్వాత విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కూడా కట్టారు. మన పిల్లల్లో కొందరు అమెరికాలో సంపాదిస్తున్నారు, సెలవుల్లో ఓడ ఎక్కుతున్నారు. ఇంకొందరు అవే ఓడల్లో వంటగదిలో, గదులు సర్దే పనిలో చేరుతున్నారు. కాబట్టి ఓడ పై అంతస్తూ మనకు సంబంధించినదే, కింది అంతస్తూ మనకు సంబంధించినదే.

సూట్ అంటే ఏమిటి?

2024 జనవరిలో అమెరికాలోని మయామి నుంచి ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అనే ఓడ మొదటిసారి బయలుదేరింది. ఇరవై అంతస్తులు. పూర్తిగా నిండితే ఏడు వేలకు పైగా ప్రయాణికులు, వాళ్లకు సేవ చేయడానికి రెండు వేల మూడు వందలకు పైగా సిబ్బంది. మన మండల కేంద్రం ఒకటి లేచి నీళ్ల మీద తేలుతున్నట్టు అనుకోండి.

ఇలాంటి ఓడల్లో గదులు రకరకాలు. కిటికీ లేని లోపలి గది చౌక. తర్వాత కిటికీ గది, ఆ తర్వాత బాల్కనీ గది. అన్నిటికన్నా పైన సూట్. సూట్ తీసుకున్నవాళ్లకు పెద్ద గది, మంచి పడక మాత్రమే కాదు, చాలా ఓడల్లో ఇంకా కొన్ని దక్కుతాయి. ఓడ ఎక్కేటప్పుడు వేరే వరస. వాళ్లు మాత్రమే తినే భోజనశాల. వాళ్లు మాత్రమే పడుకునే ఎండ డెక్. నాటకశాలలో వాళ్ల కోసం ఆపి ఉంచిన కుర్చీలు. రేవు లోతు చాలక ఓడ దూరంగా ఆగినప్పుడు ఒడ్డుకు తీసుకెళ్లే చిన్న పడవల్లో ముందు చోటు. పైతరగతి సూట్ అయితే అడిగింది తెచ్చిపెట్టడానికి ఒక బట్లర్.

కొన్ని కంపెనీలు ఇంకో అడుగు వేశాయి. నార్వేజియన్ కంపెనీ ఓడల్లో ‘ది హేవెన్’, ఎం.ఎస్.సి. కంపెనీ ఓడల్లో ‘యాట్ క్లబ్’ అని ఉంటాయి. ఈ ఏర్పాటును ‘ఓడలో ఇంకో ఓడ’ అని గొప్పగా చెప్పుకుంటారు. కార్డు గీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. లోపల వాళ్ల ఈత కొలను వాళ్లదే, వాళ్ల హోటల్ వాళ్లదే. బయట వేలమంది ఉన్నారన్న సంగతి తెలియకుండానే వారం గడిచిపోతుంది.

సూట్‌లలో కూడా మెట్లున్నాయి. రాయల్ కరీబియన్ కంపెనీలో సీ, స్కై, స్టార్ అని మూడు తరగతులు. సీ వాళ్లకు దక్కనివి స్కై వాళ్లకు దక్కుతాయి. స్కై వాళ్లకు దక్కనివి స్టార్ వాళ్లకు.

ఇది కులమేనా?

కాదు. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. కనిపించిన ప్రతి తేడానూ కులం అనేస్తే కులం అనే మాటకున్న బరువు పోతుంది. సూట్ టికెట్టుకు పుట్టుకతో పనిలేదు. డబ్బు ఉన్నవాడు ఎవడైనా కొనొచ్చు. వారం అయ్యాక ఓడ దిగితే ఆ హోదా కూడా అక్కడే దిగిపోతుంది. కొడుక్కి రాదు, మనవడికి రాదు. వెలివాడలో పుట్టినవాడికి, కిటికీ లేని గదిలో వారం రోజులు పడుకున్నవాడికి పోలికే లేదు.

అయితే ఒక్క చోట మాత్రం పోలిక ఉంది. బాబాసాహెబ్ శ్రేణీకృత అసమానత గురించి చెప్పిన సంగతి గుర్తు చేసుకోండి. మెట్ల మీద మెట్లున్న చోట ప్రతివాడికీ తన కింద ఇంకొకడు కనిపిస్తాడు. అందుకే అందరూ కలిసి మెట్లనే ప్రశ్నించరు. పై మెట్టు ఎలా ఎక్కాలా అని మాత్రమే చూస్తారు. ఓడ కంపెనీకి ఇది బాగా తెలుసు. బాల్కనీ గదివాడు కిటికీ లేని గదిని చూసి తృప్తి పడాలి, సూట్ తలుపు చూసి ఆశపడాలి. ఈ తృప్తి మీద, ఈ ఆశ మీదే వ్యాపారం నడుస్తుంది.

రెండు రకాల సుఖాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సూట్‌లో అమ్ముతున్నవి రెండు రకాలు.

ఒకటి, మెత్తటి పరుపు, పెద్ద బాల్కనీ, మంచి భోజనం. నా పరుపు మెత్తగా ఉందని మీ పరుపు గట్టిపడదు. ఈ సుఖాన్ని బుద్ధుడు తప్పు పట్టలేదు. గృహస్థుకు నాలుగు సుఖాలు ఉంటాయని అనాథపిండికుడికి చెప్పాడు: సంపద ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, నిందలేని బతుకు బతకడం. కష్టపడి న్యాయంగా సంపాదించినవాడు మంచి గదిలో పడుకుంటే ధమ్మానికి అభ్యంతరం లేదు. తరతరాలు మంచి ఇల్లు కట్టుకోనివ్వని సమాజం నుంచి వచ్చినవాళ్లం. సుఖపడటమే పాపం అని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండోది, ముందు వరస. ఇది వేరే సరుకు. నేను ముందుండాలంటే ఎవరో వెనకుండాలి. ముందు పడవలో నాకు చోటు అంటే, ఇంకొకరు ఎండలో ఇంకో అరగంట ఆగాలి. డెక్‌లో ఒక ముక్కకు తలుపు పెడితే మిగిలిన వేలమందికి ఆకాశం ఆ మేరకు తగ్గుతుంది. ఇక్కడ అమ్ముతున్నది నా సుఖాన్ని కాదు, ఎదుటివాడి నిరీక్షణను. దాన్ని అమ్మే కంపెనీ ఆ ఎదుటివాడి అనుమతి అడగలేదు.

ముందు కూర్చోవలసింది ఎవరు?

ఈ ప్రశ్న భిక్ఖు సంఘంలోనే ఒకసారి వచ్చింది. వినయ పిటకంలో ఆ కథ ఉంది. బుద్ధుడు సంఘంతో ప్రయాణం చేస్తున్నాడు. కొందరు భిక్ఖువులు ముందుగా పరుగెత్తి వెళ్లి, ఇది మా గురువుకి, ఇది మాకు అని పడకలన్నీ ఆక్రమించుకున్నారు. వెనక వచ్చిన సారిపుత్తుడికి చోటు దొరకలేదు. అంత పెద్ద శిష్యుడు ఆ రాత్రి చెట్టు కింద కూర్చుని గడిపాడు.

తెల్లవారి బుద్ధుడు సంఘాన్ని పిలిచి అడిగాడు: మొదటి ఆసనం, మొదటి నీళ్లు, మొదటి భిక్ష ఎవరికి తగును? క్షత్రియ కులం నుంచి వచ్చినవాడికి అన్నారు కొందరు. బ్రాహ్మణ కులం నుంచి వచ్చినవాడికి అన్నారు ఇంకొందరు. గృహపతి కులం నుంచి వచ్చినవాడికి అని కూడా వచ్చింది. బుద్ధుడు వేటినీ ఒప్పుకోలేదు. కౌజుపిట్ట, కోతి, ఏనుగు కలిసి బతికిన కథ చెప్పాడు. ఆ మూడింటిలో ఏనుగు ఒళ్లు పెద్దది, కానీ వయసులో పెద్దది పిట్ట. ఏనుగూ కోతీ పిట్టకు గౌరవం ఇచ్చాయి. అలాగే సంఘంలో ముందు చేరినవాడికి ముందు గౌరవం అని నియమం పెట్టాడు. మంగలి ఉపాలి ముందు చేరితే, వెనక చేరిన శాక్య రాకుమారులు ఆయనకు మొక్కవలసిందే.

ఇక్కడితో ఆగితే సగమే విన్నట్టు. బుద్ధుడు ఇంకో మాట కూడా చేర్చాడు. సంఘానికి ఉమ్మడిగా ఉన్నదాన్ని మాత్రం పెద్దరికం పేరుతో ఎవరూ ఆపిపెట్టుకోకూడదు. అంటే న్యాయమైన పెద్దరికానికి కూడా హద్దుంది. దండం వరకు సరే, ఉమ్మడి వస్తువుకు తాళం వేయడానికి వీల్లేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు ముట్టినప్పుడు నిలబెట్టింది ఈ హద్దునే: ఉమ్మడిది ఉమ్మడిగానే ఉండాలి.

అయితే ఎవరికీ ముందు చోటు వద్దా? కావాలి. చక్రాల కుర్చీలో ఉన్న అవ్వకు, చంటిబిడ్డ తల్లికి, జబ్బు మనిషికి ముందు చోటు ఇవ్వాలి. అది అవసరాన్ని చూసి ఇచ్చేది, దాని పేరు కరుణ. ధర చూసి ఇచ్చేదానికి ఆ పేరు పెట్టలేం.

“సూట్ వాళ్లు ఎక్కువ కడతారు కాబట్టే మిగతావాళ్లకు టికెట్టు చౌకగా వస్తుంది” అని ఒక వాదన ఉంది. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ పెద్ద గదికి ఎక్కువ తీసుకోండి, ఎవరొద్దన్నారు? వరసను అమ్మకుండా కూడా గదిని అమ్మొచ్చు కదా.

ఆపద వచ్చిన రోజు

మామూలు రోజున ఈ తేడాలు చిన్నవిగా కనిపిస్తాయి. ఆపద వచ్చిన రోజున తెలుస్తుంది.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగింది. ఓడలో సుమారు 2,200 మంది. లైఫ్‌బోట్లు 20. వాటిలో పట్టేది 1,178 మంది. మొదటి తరగతి ప్రయాణికుల్లో నూటికి 60 మందికి పైగా బతికారు. మూడో తరగతిలో నూటికి సుమారు 25 మంది. సిబ్బందిలోనూ దాదాపు అంతే. మూడో తరగతి వాళ్లపై వివక్ష చూపలేదని బ్రిటిష్ విచారణ తేల్చింది. అలాగే అనుకుందాం. ఎవరూ ద్వేషంతో తోసేయలేదు. మరి ఎందుకు అంతమంది పోయారు? వాళ్ల గదులు అడుగున ఉన్నాయి. పైకి వచ్చే దారి చుట్లు తిరుగుతూ ఉంది. పడవలు మొదటి తరగతి డెక్‌కు దగ్గరగా ఉన్నాయి. మనుషుల్లో ద్వేషం లేకపోయినా, కట్టడంలో ఉన్న అసమానత తన పని తాను చేసుకుపోతుంది. ఈ పాఠం మనకు వేరే చెప్పాలా?

ఆ మరణాల తర్వాత, 1914లో, సముద్రంలో ప్రాణరక్షణ కోసం అంతర్జాతీయ ఒప్పందం రాశారు. ఓడలో ఉన్న ప్రతి ప్రాణానికీ పడవలో చోటు ఉండాలన్నది అక్కడి నుంచే నియమంగా వచ్చింది. అంటే లోకమే ఒక గీత గీసింది: ప్రాణం దగ్గర టికెట్టు ధర చెల్లదు. ఆ గీత ఇంకెంత ముందుకు రావాలన్నదే మన ప్రశ్న.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను కరోనా వల్ల ఆపేశారు. లోపల 3,711 మంది. బాల్కనీ ఉన్నవాళ్లు గదిలోంచే గాలి పీల్చుకున్నారు. కిటికీ లేని గదుల వాళ్లను వంతులవారీగా కాసేపు డెక్ మీదికి వదిలారు. సిబ్బందికి ఆ వంతు కూడా లేదు. ఇరుకు గదుల్లో కలిసి పడుకుంటూ, కలిసి తింటూ, ప్రయాణికుల తలుపు తలుపుకూ భోజనాలు మోశారు. ఆ ఓడలో భారతీయులు 138 మంది ఉంటే, 132 మంది సిబ్బందే. మొత్తం 712 మందికి జబ్బు అంటుకుంది.

ఇంకో మెట్టు ఉంది, టికెట్టు పట్టికలో కనిపించదు. అది సిబ్బంది మెట్టు. సూట్‌లో ‘ప్రత్యేకం’ అన్నది ఆకాశం నుంచి ఊడిపడదు, ఒక మనిషి చేతులతో తయారవుతుంది. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే ఒప్పందం, అడుగు అంతస్తులో ఇంకొకరితో పంచుకునే గది. రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నౌకా కార్మిక ఒప్పందం చెబుతోంది. తిప్పి చెబితే, రోజుకు 14 గంటల దాకా పని చేయించుకోవచ్చన్నమాట. సూట్‌లో కూర్చున్నవాడు ధమ్మం తెలిసినవాడైతే, కాఫీ తెచ్చిన మనిషి నిద్రపోయాడా లేదా అన్న ఆలోచన వాడికి రావాలి.

మన లోపలి ఓడ

ఇప్పుడు మనల్ని మనం చూసుకుందాం. పాళీలో ‘మాన’ అని ఒక మాట ఉంది. మన తెలుగులో మానం అంటే పరువు, అది వేరు. పాళీ మాన అంటే నన్ను ఇంకొకరితో తూచుకునే జబ్బు. వాడికన్నా నేను ఎక్కువ అనుకోవడం మాన. వాడితో సమానం అని తూచుకోవడమూ మాన. వాడికన్నా తక్కువ అని కుంగిపోవడం కూడా మానే. తక్కెడ చేతిలో ఉన్నంతకాలం జబ్బు ఉన్నట్టే. ముందు వరసను కొనేవాడు కొంటున్నది ఈ తక్కెడనే.

మనం దేవుడి గుళ్లలో ఉచిత క్యూ, టికెట్టు క్యూ, వీఐపీ బ్రేక్ చూసి వచ్చినవాళ్లం. అంతకుముందు గడప బయట నిలబెట్టిన చరిత్ర ఉన్నవాళ్లం. మరి మన విహారంలో, మన జయంతి సభల్లో ఏం జరుగుతోంది? ముందు సోఫాలు ఎవరికి? చందా ఎక్కువ ఇచ్చినవాళ్లకు, ఆఫీసర్లకు. పొద్దున్నుంచీ కుర్చీలు వేసిన కుర్రాడు, వంట చేసిన అక్క గోడ పక్కన నిలబడే ఉంటారు. ఇది కూడా ఓడలో ఇంకో ఓడే. దీన్ని మార్చడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు.

కాబట్టి అన్నలారా, అక్కలారా, నేను చెప్పేది ఇంతే. ఓడ ఎక్కండి. స్తోమత ఉంటే మంచి గదే తీసుకోండి, పిల్లలకు సముద్రం చూపించండి. కానీ ఏ సౌకర్యం కొనే ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నా సుఖమా, ఎదుటివాడి నిరీక్షణా? ఇందులో ఉమ్మడిదాన్ని ఏమైనా మూసేస్తున్నారా? దీన్ని తయారుచేసే మనిషికి విశ్రాంతి, గౌరవం దక్కుతున్నాయా? వాటి జవాబులు మీ మనసుకే తెలుస్తాయి. ఇక నియమాలు పెట్టే అధికారం మన చేతిలో ఉన్న చోట, అంటే మన సభలో, మన సంఘంలో, మన భోజనాల బంతిలో, వరసను అమ్మవద్దు. అవసరం ఉన్నవాళ్లను ముందు పిలుద్దాం, మిగతావాళ్లం వచ్చిన వరసలో కూర్చుందాం.

నదులన్నీ సముద్రంలో కలిశాక తమ పేర్లు వదిలేస్తాయని, సంఘంలో చేరినవాళ్లు కులాలను అలాగే వదిలేస్తారని బుద్ధుడు బోధించాడు. అలాంటి సముద్రం మీదికే మనుషులు మళ్లీ మెట్లు కట్టుకుని వెళ్తున్నారు. మనం మాత్రం ఒడ్డున ఉన్నా, ఓడలో ఉన్నా ఆ మెట్లను మనసులోకి ఎక్కించుకోకుండా ఉందాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.