నడుమ వచ్చిన గురువు

విద్య నాలుగు దశలలో సార్థకమగునని పతంజలి మహర్షి మహాభాష్యారంభమున నిరూపించియున్నాడు. గురుముఖమున గ్రహించుట మొదటిది; తనంత తాను అభ్యసించుట రెండవది; ఇతరులకు బోధించుట మూడవది; లోకవ్యవహారమున వినియోగించుట నాలుగవది. ఈ విభాగమున ఒక సూక్ష్మము కలదు. బోధనము విద్య ముగిసిన పిదప చేయు ఉద్యోగముగా గాక, విద్యలోనే ఒక దశగా పరిగణింపబడినది. కావున క్రొత్తగా పాఠము చెప్పుటకు కూర్చుండినవాడు ఇంకను విద్యార్థియే. విద్యార్థికి గురువెట్లు ఆవశ్యకమో, క్రొత్త గురువునకు అనుభవజ్ఞుడైన గురువు అట్లే ఆవశ్యకము. ఈ మాటను కాదను పెద్దలుండరు. ఆచరణలో మాత్రము క్రొత్తవానిని తరగతిగదిలోనికి పంపి తలుపు మూయుటయే లోకరీతిగా నున్నది.

హైదరాబాదు నగరమున నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతములకు విద్యతో గల అనుబంధము చిరకాలమైనది. రాజ్యమున ఉర్దూ బోధనాభాషగా చెలామణియగుచున్న రోజులలో, 1928లో, మాడపాటి హనుమంతరావు పంతులుగారు ప్రభృతులు పూనుకొని తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. అది తరువాత నారాయణగూడలో వారి పేరనే ప్రసిద్ధి గాంచినది. నేడు నల్లకుంట నుండి అశోక్‌నగర్ వైపు నడచువారికి వీధివీధినా ఉద్యోగపరీక్షల కోచింగు సెంటర్ల బోర్డులు కనబడును. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున ప్రొద్దుట మొదలు రాత్రి వఱకు పుస్తకముపై వంగియుండు యువతీయువకులు కనబడుదురు. పల్లెల నుండి వచ్చి, ఇరుకుగదులలో నలుగురైదుగురు కలిసి అద్దెకుండి, మెస్సు భోజనముతో సంవత్సరములు గడపువారు వారు. ఇదియు ఒక తపస్సే.

వారిలో అనేకులు ఉపాధ్యాయ పదవికై నిరీక్షించినవారు. 2017 నాటి ప్రకటన తరువాత తెలంగాణమున ఉపాధ్యాయ నియామకమునకై చాలాకాలము ఎదురుచూడవలసివచ్చెను. 2024 ఫిబ్రవరిలో 11,062 పదవులకు డి.ఎస్.సి. ప్రకటన వెలువడెను. పరీక్షలు ముగిసి, ఫలితములు వచ్చి, అక్టోబరు 9వ తేదీన నగరమందలి ఎల్.బి. స్టేడియమున పదివేల పైచిలుకు అభ్యర్థులకు నియామకపత్రము లందెను. బడులు జూన్ 12ననే తెరువబడినవి. అనగా, క్రొత్త ఉపాధ్యాయులు దసరా సెలవుల పిదప, పాఠములు సగము నడచిన వేళ బడిలో అడుగుపెట్టిరి. మరుసటి యేడు ఆంధ్రప్రదేశమునను ఇట్లే జరిగెను. 16,347 పదవులకు ప్రకటన 2025 ఏప్రిలులో రాగా, నియామకపత్రములు సెప్టెంబరు 25న అందినవి.

సంవత్సరారంభమున వచ్చు గురువునకు పిల్లలును క్రొత్తవారే, తానును క్రొత్తవాడే. ఇరువురు కలిసి ఆరంభింతురు. నడుమ వచ్చినవాని స్థితి వేరు. అంతకుముందు పాఠము చెప్పినవారి పద్ధతి పిల్లల చెవులలో నుండును. కొన్నిచోట్ల చెప్పినవారే లేక, నాలుగు నెలల పాఠము అట్లే నిలిచియుండును. వెనుకటిది నింపవలెనా, ముందటిది నడపవలెనా? పరీక్ష ముంగిట నిలిచియున్నది. గ్రంథాలయమున నేర్చినది ప్రశ్నకు సమాధానము గుర్తించుట. ఇచట ఎదురుగా నున్నది నలువదిమంది పిల్లలు.

ఇట్టి సమయమున అదే బడిలోని పెద్ద ఉపాధ్యాయుని ధర్మమేమి? అతడు వరండాలో నడచిపోవుచు క్రొత్తవాని పాఠమున తప్పు వినెననుకొందము. మౌనముగా పోయినచో పిల్లలకు తప్పు నిలిచిపోవును. అక్కడనే దిద్దినచో గురువునెడ పిల్లల గౌరవము పోవును. గౌరవము పోయిన గురువు ఒప్పు చెప్పినను చెవికెక్కదు. సత్యమా, మర్యాదయా అని ఇచట సంశయము కలుగును.

ఈ సంశయమునకు శ్రీవైష్ణవ గురుపరంపరలో ఒక చక్కని ఉదాహరణము కలదు. యామునాచార్యులు పరమపదించిన పిదప, ఆ మహనీయుని శిష్యులైన ఆచార్యులు రామానుజులకు తలయొక అర్థవిశేషమును ఉపదేశించిరి. తిరుపతిలో శ్రీశైలపూర్ణులు రామాయణార్థము చెప్పిరి. తిరువాయ్‌మొళి అర్థము చెప్పుట మాలాధరుల వంతైనది. రెండవ శతకము నడచుచుండగా ఒక పాశురమునకు మాలాధరులు చెప్పిన అర్థమునకు భిన్నముగా రామానుజులు వేరొక అర్థము విన్నవించిరి. యామునాచార్యుల వలన తాము విననిది గనుక మాలాధరులు దానిని విశ్వామిత్ర సృష్టిగా నెంచి పాఠము నిలిపివేసిరి.

మాలాధరులు పాండిత్యమున క్రొత్తవారు కారు. అట్టి శిష్యుడు మాత్రము వారికి క్రొత్త. ఎంత పండితునికైనను ఎదుటి శిష్యుడు తనకంటె ముందడుగు వేసినపుడు కలుగు కలత సహజము. దానిని దోషముగా నెంచుట న్యాయము కాదు.

ఈ వార్త గోష్ఠీపూర్ణుల చెవిని పడెను. వారు శ్రీరంగమునకు స్వయముగా వచ్చిరి. మాలాధరులనే అడిగి విషయము తెలిసికొనిరి. రామానుజులు చెప్పిన అర్థము తాము యామునాచార్యుల సన్నిధిని విన్నదేయని సెలవిచ్చిరి. కృష్ణునికి సాందీపని చదువు చెప్పినట్లే రామానుజులకు మీరు చెప్పుచున్నారని బోధించి, మాలాధరులను వెంటబెట్టుకొని రామానుజుల మఠమునకు పోయి పాఠమును తిరిగి ఆరంభింపజేసిరి. తరువాత మరల అట్టి భేదమే తలెత్తగా, యామునాచార్యులను దర్శింపని మీకు ఈ అర్థము ఎట్లు తెలిసెనని మాలాధరులు ప్రశ్నించిరి. ద్రోణునికి ఏకలవ్యుని వంటివాడను ఆ మహానుభావునికి నేనని రామానుజులు విన్నవించిరి. పాఠము ఈసారి ఆగలేదు.

గోష్ఠీపూర్ణులు అర్థము విషయమున రాజీపడలేదు; రామానుజులు చెప్పినది సరియేయని నిస్సంకోచముగా తెలిపిరి. అయినను మాలాధరులను పీఠము నుండి దింపి తాము కూర్చుండలేదు. కూర్చుండియుండిన ఎవరును కాదనియుండరు. పడిపోవుచున్న పాఠమును వారిచేతనే నిలబెట్టించిరి. సాందీపని ఉపమానములో గల ఓదార్పును గమనింపవలెను. సర్వజ్ఞునికి చెప్పుటవలన సాందీపని గురుత్వమునకు లోటు రాలేదుగదా! సత్యమును చెప్పు చోటు తెలిసినచో సత్యమునకును మర్యాదకును కలహము లేదు. వరండాలో తప్పు విన్న పెద్ద ఉపాధ్యాయుడు సాయంకాలము బడి విడిచిన పిమ్మట క్రొత్తవాని ప్రక్కన కూర్చుండి చెప్పవచ్చును. మరునాడు ఆ క్రొత్తవాడే తన నోట పిల్లలకు సరిదిద్ది చెప్పును.

'మాకెవరు చెప్పిరి? మేము దెబ్బలు తిని నేర్చుకొంటిమి' అను పెద్దలు కొందఱు కలరు. ఈ వాదము పైకి వినసొంపుగా నుండును. కాని ఆ దెబ్బలు వారు మాత్రమే తినలేదు. ఆ యేటి పిల్లలును తినిరి. గురువునకు వచ్చే సంవత్సరము మరల అయిదవ తరగతి దొరకును, పిల్లవానికి దొరకదు. మరియు పూర్వపు వీధిబడులలో క్రొత్తవానిని ఒంటరిగా విడుచుట లేదు. చట్టాంబిళ్ళ అనబడు పెద్ద విద్యార్థి పంతులుగారి కనుసన్నలలో చిన్నవారికి ఇసుకలో అక్షరములు దిద్దించుచు, ఏండ్ల తరబడి బోధనము నభ్యసించిన పిదపనే పంతులగుచుండెను. 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరులో అనాథబాలుర ఆశ్రమమునకు అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ ఈ వీధిబడుల రీతిని చూచి అనుసరించి, స్వదేశమున మద్రాసు పద్ధతియను పేర ప్రచారము చేసెను.

ఇక కొన్ని బడులలో మిక్కిలి అల్లరి తరగతిని, ఎవరును కోరని రిజిస్టర్లను క్రొత్తవానికే అప్పగించు ఆచారము కలదు. బరువు మోయగలవాడు తప్పించుకొని మోయలేనివాని తలకెత్తుట ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు. దీనికి ఉపదేశము అక్కరలేదు, ప్రధానోపాధ్యాయుడు కాలపట్టికను మార్చిన చాలును.

గృహస్థుల పాత్రయు కొంత కలదు. రాత్రి భోజనముల వేళ పిల్లవాడు 'క్రొత్త టీచరుకు ఏమియు రాదు' అనగా తల్లిదండ్రులు నవ్వుదురు. మరునాడు ఆ నవ్వు తరగతికి చేరును. ఆచార్యుని చులకనచేయుట అపచారమని నిత్యము సన్నిధిలో వినువారు, తమ పిల్లలకు ఓనమాలు దిద్దించు పంతులమ్మ విషయమున దానిని మరచుట చిత్రమే. ధనుర్మాసము ఈ నడుమకాలముననే వచ్చును. తిరుప్పావైలో గోదాదేవి నోమునకు తానొక్కతే ముందుగా పోక, ఆరవ పాశురము మొదలు పదిహేనవ దాని వఱకు ఇల్లిల్లును తిరిగి చెలులను మేల్కొలిపినది. నిద్రలేవనివారిని విడిచి ముందుకు పోలేదు.

మాలాధరులు పిమ్మట తమ కుమారుని రామానుజుల పాదములకడ శిష్యునిగా సమర్పించిరి.