ఐదో కారణం

2018 ఏప్రిల్ 4 ఉదయం. ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో పైపర్ యారో శిక్షణ విమానం ఒకటి రన్‌వేను తాకి మళ్లీ పైకి లేచింది. కాసేపటికే దాని ఎడమ రెక్క ఊడిపోయింది. పైలట్ పరీక్షకు వచ్చిన విద్యార్థి, పక్కన కూర్చున్న పరీక్షాధికారి ఇద్దరూ చనిపోయారు.

ఇలాంటి వార్త వింటే తెలుగిళ్లలో వెంటనే వినబడే మాట, ‘నూకలు చెల్లాయి’. అందులో ఓదార్పు ఉంది. కానీ అది సమాధానమేనా?

రెక్క మీద పడే భారాన్ని ప్రధానంగా మోసేది స్పార్ అనే అల్యూమినియం దూలం. గాల్లో ఉన్నప్పుడు రెక్క పైకి వంగి దూలం కింది అంచు సాగుతుంది, దిగాక సడలుతుంది. కట్టుతీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒక వంపు దగ్గర పుటుక్కున తెగుతుంది, ఇదీ అంతే. ఆ విమానం 7,600 గంటలకు పైగా ఎగిరింది. శిక్షణ బండి కాబట్టి తక్కువ ఎత్తులో తిరగడం, దిగి లేవడం దానికి నిత్యకృత్యం. దూలంలో బోల్టు రంధ్రం దగ్గర పగులు పుట్టి, కంటికి అందని చోట పెరిగింది.

అన్నిసార్లూ తప్పు లోహానిదే కాదు. మబ్బులో చిక్కి దిక్కు తెలియక పైలట్ సుడి తిరుగుతూ కిందికి జారతాడు, కంగారులో కంట్రోల్‌ను బలంగా లాగుతాడు, ఆ దెబ్బకు రెక్కో తోకో విరుగుతుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరికరాలను మాత్రమే చూసి నడిపే శిక్షణ లేని 20 మందిని బయటి దృశ్యం కనబడకుండా చేసి పరీక్షించింది. అందరూ అదుపు తప్పారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు.

ఏ పనికైనా ఐదు కారణాలుంటాయని భగవద్గీత 18వ అధ్యాయం అంటుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. మొదటి నాలుగింటినీ దాటేసి నేరుగా ఐదోదాన్ని పట్టుకోవడం భక్తి కాదు, బద్ధకం. 1987లో టెక్సస్‌లోని మార్లిన్ దగ్గర ఇదే పైపర్ కుటుంబానికి చెందిన విమానం రెక్క ఊడి కూలింది. తనిఖీలకు ఉత్తర్వు వచ్చింది. కొద్ది విమానాల్లోనే పగుళ్లు దొరకడంతో తర్వాత దాన్ని ఉపసంహరించారు. ఆ నిర్ణయాన్ని దైవం ఖాతాలో ఎలా రాస్తాం?

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆఫ్రికాలోని అజాందే ప్రజల గురించి మానవశాస్త్రవేత్త ఎవాన్స్ ప్రిచర్డ్ 1937లో రాశాడు. గాదె కూలి కింద కూర్చున్నవాళ్లు గాయపడితే, స్తంభాలను చెదలు తిన్నాయని వాళ్లకూ తెలుసు. సరిగ్గా వీళ్లు కూర్చున్నప్పుడే ఎందుకు కూలిందన్నదే వాళ్ల ప్రశ్న. డేటోనా మృతుల కుటుంబాలదీ అదే ప్రశ్న. దానికి దర్యాప్తు నివేదికలో జవాబుండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు. అక్కడ మాత్రమే ఐదో కారణానికి చోటుంది.

మిగతా నాలుగింటికీ 2021లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఉత్తర్వు అమల్లోకి తెచ్చింది. అలసిపోయేంతగా ఎగిరిన ఈ తరహా పైపర్లలో బోల్టు రంధ్రాలకు, దాగిన పగుళ్లను పట్టే ఎడ్డీ కరెంట్ పరీక్ష ఇప్పుడు తప్పనిసరి.