కొలతా, సత్యమూ

కొండ యెత్తు కొండలో వుందా, కొలిచేవాడి పరికరంలో వుందా? వినడానికి ఇది వితండవాదంగా తోచవచ్చు. కాని 2008లో వేల్స్‌లోని మనిధ్ గ్రైగ్ గోఖ్ అనే కొండ విషయంలో ఈ ప్రశ్న నిజంగానే యెదురయింది. పాత పటాల్లో దాని యెత్తు 1,998 అడుగులు. అక్కడి వాడుక ప్రకారం 2,000 అడుగులుంటే తప్ప పర్వతమనిపించుకోదు. కొండలెక్కడంలో ఆసక్తివున్న కొందరు, ఉపగ్రహ సంకేతాలనందుకొనే పరికరాన్ని శిఖరం మీద నిలిపి మళ్ళీ కొలిచారు. 2,000 అడుగుల మీద ఆరంగుళాలు తేలింది. 2010లో గ్లిడర్ వౌర్ శిఖరం కూడా 999 మీటర్ల నుంచి 1,000.8 మీటర్లకు మారింది. ప్రభుత్వ సర్వే శాఖ ఆ కొలతలను ఒప్పుకుని పటాలు సవరించుకొంది.

ఆ కొండలు అంగుళమైనా పెరగలేదు. మారింది మన జ్ఞానం. కాని ఇటువంటి సంగతులు విన్నప్పుడు రెండు రకాల పొరపాటు నిర్ణయాలు బయలుదేరుతాయి. నిన్నటి సంఖ్య నేడు మారింది, నేటిది రేపు మారుతుంది, కనుక సత్యమనేదే లేదు, యెవరి కొలత వారిదే అనేది మొదటిది. ఉపగ్రహం చెప్పింది గనుక ఇక తిరుగులేదు అనేది రెండవది. ఒకటి సంశయవాదం, మరొకటి యంత్రారాధన. పైకి బద్ధవిరోధులుగా కనిపించినా, ఈ రెండూ ప్రశ్నను చంపేవే.

మన దగ్గరికి వద్దాం. తూర్పు కనుమల్లో యెత్తయిన శిఖరమేది? మహేంద్రగిరి, 1,501 మీటర్లు అని కొన్ని పుస్తకాలు చెబుతాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మకొండ, 1,680 మీటర్లు అని మరికొన్ని. జిందగడ, 1,690 మీటర్లు అనేవీ వున్నాయి. ఒడిశాలోని దేవమాలి 1,672 మీటర్లు. పోటీపరీక్షలకు చదివే విద్యార్థి మాత్రం వీటిలో ఒక్కదానికే గుర్తు పెట్టాలి. ఆ సంఖ్య యెలా వచ్చిందో అతడికి యెవరూ చెప్పరు. కొలతను జవాబుగా నేర్పుతున్నాం గాని, పద్ధతిగా నేర్పడం లేదు.

యెత్తు అంటే సముద్రమట్టం నుంచి అంటాం. యే సముద్రం, యే మట్టం? 1909లో భారతదేశానికి నిర్ణయించిన యెత్తుల మూలరేఖకు తొమ్మిది రేవులలో ఆటుపోట్ల సగటును ఆధారంగా తీసుకున్నారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. ఉపగ్రహ పరికరం సముద్రాన్ని యెరగదు. భూమికి గణితశాస్త్రజ్ఞులు ఊహించి ఇచ్చిన నున్నని గోళంవంటి ఆకారం నుంచి అది యెత్తు చెబుతుంది. మన హైదరాబాదు ప్రాంతంలో సముద్రమట్టపు ఊహాతలం ఆ ఆకారానికి 70 మీటర్లకు పైగా కిందనే వుంటుంది. ఆ తేడాను లెక్కలో సవరించకపోతే, యెంత ఖరీదైన పరికరమైనా అబద్ధమే చెబుతుంది.

కనుక కొలతకు ఆధారమైన రేఖ మనుషులు కూర్చుని ఒప్పుకున్నదే. అంతమాత్రాన కొండ మనుషులు ఒప్పుకుంటే వచ్చినది కాదు. సనత్‌నగర్ పారిశ్రామికవాడలో లేత్ మీద పనిచేసే టర్నరుకు ఈ సంగతి మన తత్వవేత్తలకంటే బాగా తెలుసు. ఇరుసు యెంత మందం వుండాలో చెబితే చాలదు, "యెంత తేడా వరకు పనికొస్తుంది?" అని అడుగుతాడు. తేడా వుంటుందని తెలిసి కూడా, మందమే లేదనడు. అలా అంటే ఇరుసు బిగియదు, యంత్రం తిరగదు. తన తప్పు యెంతవరకు వుండవచ్చునో చెప్పే కొలతే నిజాయితీ గల కొలత.

ఇక కొలిచేదెవరు, యెవరికోసం అన్న ప్రశ్న మిగిలింది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన మహాసర్వే, దక్కనును దాటి ఉత్తరానికి సాగింది. ఎవరెస్టు హైదరాబాదులోనే అతని సహాయకుడుగా చేరాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాలపాలయ్యాడు. ఆ జ్వరం దొరతో ఆగలేదు, పరివారాన్నీ పట్టింది. దొర పేరు శిఖరానికెక్కింది. అర టన్ను బరువున్న కోణమాపకాన్ని మోసిన కూలీల పేర్లు చరిత్రకెక్కలేదు. ఆ శిఖరం యెత్తును 1852లో లెక్కగట్టిన రాధానాథ్ సిక్దర్ పేరు కూడా పుస్తకాల మూలల్లోనే మిగిలింది. 1856లో ప్రకటించిన 29,002 అడుగులకూ, 2020లో నేపాల్, చైనాలు కలిసి ప్రకటించిన 8,848.86 మీటర్లకూ తేడా సుమారు తొమ్మిది మీటర్లు. ఆ పనివాళ్ళ లెక్క అంత గట్టిది. అంత గట్టి లెక్కా పన్నులకూ, సైన్యాలకూ, పాలనకూ వుపయోగపడింది. శాస్త్రం నిజం చెప్పినంతమాత్రాన అది యెవరి చేతిలో వున్నదన్న ప్రశ్న తీరిపోదు.

అర్మకొండ కొలతలో పది మీటర్లు తప్పితే యెవరి పొయ్యీ ఆరదు. ఆ కొండవాలులో పోడు చేసుకునే ఆదివాసీ భూమిలో పది మీటర్లు తప్పితే ఒక పంట పోతుంది. కొండకు వాడిన ఉపగ్రహ పరికరమే పొలానికీ వాడుతున్నాం. అలాంటప్పుడు కచ్చితత్వం ముందుగా యెవరికి చెందాలి? తప్పువల్ల యెక్కువ నష్టపోయేవారికి. 2006 నాటి అటవీహక్కుల చట్టం, హక్కుల నిర్ధారణను మొదలుపెట్టే అధికారం గ్రామసభకిచ్చింది. అందులోని న్యాయం ఇదే: కొలతను ప్రశ్నించే అధికారం ఆ నేలమీద బతికేవారికుండాలి. తెరమీద కనిపించే గీతే తుదితీర్పు అని అధికారి అంటే, ఆ మాటలో శాస్త్రం లేదు. శాస్త్రం పేరుతో పెత్తనం వుంది.

వేల్స్ కథలో మనం మెచ్చుకోవలసింది పరికరాన్ని కాదు. మామూలు మనుషులు ప్రభుత్వ పటాన్ని ప్రశ్నించగలిగారు, ఆధారం చూపగలిగారు, ప్రభుత్వం దిద్దుకోగలిగింది. ఒక సరదా కొండకు దక్కిన ఈ మర్యాద, మన్యంలో అరెకరం పోడుకు దక్కకపోతే మన శాస్త్ర ప్రగతికి అర్థమేమిటి? సత్యం వుంది. దాన్ని సమీపించే దారి మళ్ళీ కొలవడం. మళ్ళీ కొలవమని అడిగే హక్కు అందరిదీ అయిననాడే ఆ దారి ప్రజలది అవుతుంది.